పొగాకు వాడకం: లేదు

పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్లు స్టోర్ కీపర్‌గా పనిచేశాను. లోపలికి వచ్చిన ప్రతి డ్రమ్మూ, బయటికి పోయిన ప్రతి సంచీ నా చేతిరాతలో ఉండేవి. డైరీ అలవాటు అంతకంటే పాతది. పదో తరగతి పాసైన వేసవిలో మొదలుపెట్టాను, ఇప్పటికీ రోజుకొక పేజీ. లేచిన వేళ, తిన్నది, ఇంటికి వచ్చినవాళ్లు, వాన పడితే వాన. మనసులో మాటలు రాసే అలవాటు లేదు, జరిగినవి మాత్రమే రాస్తాను. ఈ ఏడాది డైరీని ఇప్పుడు మళ్లీ తిరగేస్తే జరిగినవన్నీ అందులోనే కనిపిస్తున్నాయి. రాసింది నేనే. చదువుకోలేకపోయిందీ నేనే.

పోతిరెడ్డిపల్లిలో మా ఇంట్లో ఉండేది ఇద్దరమే, నేనూ మా అక్కా. నా భార్య పోయి తొమ్మిదేళ్లయింది. బావ అంతకు చాలా ముందే పోయాడు. అక్క కొన్నేళ్లు రుద్రారం వైపు పొలాల్లో కూలికి పోయింది. తరువాత ఒక కంపెనీలో సీసాలకు మూతలు బిగించే పని చేసింది. వేళ్లు మొరాయించాక నా దగ్గరికి వచ్చేసింది. నాకంటే ఆరేళ్లు పెద్దది. సామాను తేవడం నా పని, వంట ఆమెది. ఆమె రొంటిన ఎప్పుడూ ఒక చిన్న రేకు డబ్బీ ఉంటుంది. ఒక వైపు తంబాకు, ఇంకో వైపు సున్నం. అన్నం తిన్నాక అరచేతిలో వేసి బొటనవేలితో నలిపి, ఎడమ దవడలో పెట్టుకుంటుంది. కూలికి పోయే రోజుల్లో పన్ను నొప్పికని ఎవరో చెబితే మొదలుపెట్టిందట. నొప్పి పోయింది, డబ్బీ ఉండిపోయింది.

ఉగాది దాటాక పట్నం నుంచి ఒక పరిశోధన బృందం మా కాలనీకి వచ్చింది. అరవై దాటినవాళ్లకు క్యాన్సర్ రాకుండా ఏం చేయాలి, వస్తే ముందుగా ఎలా పసిగట్టాలి అన్నది వాళ్ల పని. పైనుంచి వచ్చి ఉపన్యాసం చెప్పిపోకుండా, అడగాల్సిన ప్రశ్నలు తయారుచేయడం దగ్గర నుంచి అన్నీ కాలనీ పెద్దవాళ్లతోనే చేయించాలనుకున్నారు. దీన్ని నడిపేది ముప్పై ఏళ్లు దాటీ దాటని ఒక డాక్టరమ్మ. ఎవరో నా పేరు చెప్పారట, సార్ చేతిరాత బాగుంటుంది, పద్ధతిగల మనిషి అని. గురువారం గురువారం మా వరండాలోనే సమావేశం. కుర్చీలు నేను వేసేవాణ్ణి. అక్క చాయ్ పెట్టి, పళ్లెం గడప దగ్గర నా చేతికిచ్చి లోపలికి పోయేది.

మొదటి గురువారం గొడవతోనే సరిపోయింది. లారీ నడిపి మానేసిన పెద్దమనిషి ఒకాయన మా వీధిలోనే ఉంటాడు. ఆయన లేచి నిలబడ్డాడు.

"మా నోట్లల్ల ఏమున్నదో గాదమ్మా, మా బోర్లల్ల ఏమున్నదో సూడుండ్రి ముందుగాల. గాలి ఇటు మళ్లితే కిటికీలు మూసుకొని కూసుంటున్నం."

"గట్ల అడుగు కాకా," అని వెనక నుంచి ఎవరో అన్నారు. "వీళ్లొచ్చి బీడీ బంద్ చెయ్యమంటరు, పొగగొట్టాలు బంద్ చెయ్యమనరు."

డాక్టరమ్మ ఆ మాటలన్నీ రాసుకుంది. "అది కూడా అడగాల్సిందే తాతా. కానీ నా చేతిలో ఉన్నది ఈ టార్చి ఒక్కటే. దీనితో మీ నోట్లోది కనిపిస్తుంది. దాంతో మొదలుపెడదాం," అంది. నేను లెక్క ప్రకారం ఆమె వైపే మాట్లాడాలి. కానీ ముప్పై నాలుగేళ్లు ఆ డ్రమ్ముల మధ్య తిరిగినవాణ్ణి, ఆయన మాట తప్పనలేకపోయాను.

రెండు వారాల తర్వాత ఆమె ప్రశ్నల కాగితం చిత్తుప్రతి తెచ్చింది. వీధుల్లో తిరిగి, ఎవరు ఏ మాట వాడుతున్నారో విని, అవే మాటలతో టైపు చేయించింది. "తంబాకు పెట్టుకుంటరా? ఎన్నేండ్ల సంది?" "కారం తింటే నోరు మండుతదా?" "నోట్లె పుండు ఉన్నదా?" చదివి నాకు నవ్వొచ్చింది. ఎర్ర పెన్ను తీశాను.

"ఇది ఆఫీసుకు పోయే కాగితం అమ్మా. తంబాకు అంటే బజారు మాట. పొగాకు అని ఉండాలి."

"జనం అనేది ఇదే కదా అంకుల్?"

"జనం అనేది వేరు, కాగితంల రాసేది వేరు."

తంబాకు కొట్టేసి "పొగాకు వాడకం" అని రాశాను. నోరు మండుతదా అన్నది కొట్టేసి "నోటిలో తాపం" అన్నాను. పుండును "వ్రణం" చేశాను. ఆమె ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. వయసులో నా కూతురంత, మా ఇంటికి వచ్చిన మనిషి, కాదనలేకపోయింది. ఆ రోజు డైరీలో "ప్రశ్నావళి సరిదిద్దాను" అని రాసి ఉంది. పక్కన ఒక టిక్కు కూడా పెట్టుకున్నాను.

కాగితాలు నింపడానికి ఒక్కో వీధికి ఒక్కరం. నా వీధి నాది. తాపం ఉందా అని లారీ కాకాను అడిగితే, "ఎందుకుండదు సారూ, కోడలొచ్చినప్పటి సంది తాపమే," అన్నాడు. వాళ్ల కోడలు లోపలి నుంచి, "మా మామకు నోట్ల కాదు సార్, నోరే తాపం," అంది. అందరం నవ్వాం. నేను "లేదు" అని గీత పెట్టుకున్నాను. పొగాకు అంటే ఆడవాళ్లందరూ లేదనే చెప్పారు. కొందరు కోపం కూడా చేసుకున్నారు, పొగ తాగేదానిలెక్క కనబడుతున్నానా అని.

అక్క కాగితం చివరికి మిగిలింది. ఆమె పొయ్యి ముందు రొట్టె తడుతోంది. నేను గడపలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. వయసు, బరువు నాకు తెలుసు, అడగకుండానే నింపాను.

"అక్కా, పొగాకు వాడకం ఉన్నదా?"

"ఏంది?"

"పొగాకు."

రొట్టె పెనం మీద వేసి నవ్వింది. "నేనేమన్న చుట్టలు తాగుతున్ననా తమ్మీ? నీకేమన్న పిచ్చి లేసిందా? పో, చెయ్యి కడుక్కో."

లేదు అని రాశాను. తాపం, వ్రణం అడిగితే వాటికీ నవ్వే, వాటికీ లేదు.

ఆ డబ్బీ అప్పుడు కూడా ఆమె రొంటినే ఉంది. నాకు తెలియని డబ్బీ కాదది. తంబాకు, పొగాకు ఒకటే అని నాకు తెలియదా? ఎర్ర పెన్నుతో ఒకదాని మీద ఒకటి రాసింది నేనే కదా. మరి ఎందుకు రాశాను? అక్క నోట్లో ఉన్నది తంబాకు, కాగితంలో ఉన్నది పొగాకు, రెండూ నా తలలో రెండు గదుల్లో ఉన్నాయేమో. లేక నలుగురి కాగితాలు దిద్దే సార్ ఇంట్లోనే ఉందని రాయడానికి సిగ్గుపడ్డానేమో. రోజూ ఈ రెండింటి మధ్య తిరుగుతున్నాను. ఏది నిజమో తేలడం లేదు.

పొగాకు, నోటి గడుల్లో ఒక్కటైనా "ఉంది" అని ఉన్నవాళ్లను ముందు చూస్తారు, మిగతావాళ్లను వచ్చే ఏడాది చూస్తారు. ఉన్న ఇద్దరు పళ్ల డాక్టర్లతో అంతకంటే కుదరదు. బోనాలు అయిపోయిన మరుసటి వారం మా వరండాలోనే టార్చి వేసి చూశారు. వచ్చినవాళ్లు ఎక్కువగా బీడీలు తాగే మగవాళ్లే. నేను పేర్లు పిలిచాను. డాక్టరమ్మ నోరు ఎంత తెరుచుకోవాలో చూపించింది: చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు కలిపి నిలువుగా పళ్ల మధ్య పట్టాలి. మూడు వేళ్లు పట్టకపోతే వెంటనే చూపించుకోవాలి. ఆ పరీక్ష నాకు బాగా నచ్చింది. కాగితం అక్కర్లేదు, ఎవరి చేయి వాళ్లకుంటుంది. అందరి చేతా నేనే చేయించాను. లారీ కాకా నాలుగు వేళ్లు పెట్టుకుని చూపించాడు.

"అక్కా, చాయ్!" అని లోపలికి కేక వేశాను. పన్నెండు గ్లాసులు వచ్చాయి. పళ్లెం పట్టుకుని ఆమె గడపలోనే నిలబడింది. టార్చి ఆమెకు నాలుగు అడుగుల దూరంలో ఉంది.

బతుకమ్మ పండుగకు మా వీధిలో పాట ఎత్తుకునేది అక్కే. ఆమె ఒక చరణం అంటే మిగతా ఆడవాళ్లు అందుకుంటారు. ఈ ఏడు సద్దుల బతుకమ్మ మరునాడు పక్కింటి ఆమె పాలప్యాకెట్ కోసం వచ్చి, గేటు దగ్గర నన్ను ఆపింది.

"మీ అక్కకు మంచిగ లేదా సారూ? తొమ్మిది దినాలల్ల ఒక్క దినం పాట ఎత్తుకోలే. ఎత్తుకో అంటె చప్పట్లు గొడుతున్నది గని నోరు తెరుస్తలేదు."

లోపలికి వెళ్లాను. అక్క పెరుగన్నం కలుపుతోంది.

"అక్కా, ఒకసారి మూడు వేళ్లు నోట్లె పెట్టుకో."

"ఏం ఆట ఇది? అన్నం తిననియ్యి."

"పెట్టు అక్కా."

నా గొంతు ఎలా ఉందో, అన్నం పక్కన పెట్టి చేయి కడుక్కుని వచ్చింది. మూడు వేళ్లు పట్టలేదు. రెండూ పట్టలేదు. ఒక వేలు పోయి, రెండోది పళ్లకు తగిలి ఆగింది. ఆమె నా మొహం వైపు చూసి చేయి తీసేసింది. ఫోనులో లైటు వేసి చూశాను. ఎడమ దవడ లోపల తెల్లగా ఉంది, మధ్యలో ఎర్రగా, అంచులు లేచి.

"ఎన్ని దినాలైంది?"

"పన్ను గీసుకున్నది తమ్మీ. నెయ్యి పెడుతున్న."

"ఎన్ని దినాలు?"

"బోనాల ముందు సంది," అంది.

అప్పుడు డైరీ తీశాను. ఎండాకాలం చివర నుంచి చూశాను. "పప్పులో కారం చాలలేదు." నాలుగు రోజుల తర్వాత, "బీరకాయ కూర చప్పగా ఉంది, అక్కకు చెప్పాను." వారం తర్వాత, "మళ్లీ కారం తక్కువ. గట్టిగా చెప్పాను." ఆ తర్వాత పేజీ పేజీకీ "కూర బాగుంది" అని ఉంది. అలా నెలలు గడిచాయి.

వంటింట్లోకి వెళ్లి చూశాను. పొయ్యి పక్కన రెండు గిన్నెలు. ఒకదాంట్లో ఎర్రటి కూర, నాకు. రెండోది చిన్నది, దాంట్లో ఉడకబెట్టి ఉప్పు వేసిన సొరకాయ, మిరపకాయ లేకుండా. కారం తింటే నోరు మండుతదా అన్న ప్రశ్న డాక్టరమ్మ ఎప్పుడో టైపు చేసి తెచ్చింది. జవాబు టార్చి వేసిన నాటికే నా డైరీలో ఉంది. నేను గట్టిగా చెప్పాక ఆమె నాకు వేరుగా వండడం మొదలుపెట్టింది. అంతే జరిగింది.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆమె కంప్యూటరులో చూసి, "అంకుల్, మీ అక్క ఫారంలో పొగాకు లేదని ఉంది," అంది. అది నేను తప్పు రాశానని చెప్పాను. డబ్బీ సంగతీ చెప్పాను. ఆ సాయంత్రమే వచ్చింది. చేతి తొడుగు వేసుకుని దవడ లోపల తడిమింది. తర్వాత మెడ తడిమింది, ఎడమ వైపు ఒకచోట ఆమె వేళ్లు ఆగాయి.

వరండాలోకి వచ్చాక అడిగాను, "బోనాల తర్వాత ఆ టార్చి పెట్టిన నాడు చూసి ఉంటే?"

"ఇప్పుడది వద్దు అంకుల్."

"నాకు తెలియాలమ్మా. డెబ్బై ఒక్క రోజులు. లెక్కపెట్టాను."

"అది ఎవరూ చెప్పలేరు," అంది. చెప్పలేకపోవడం వేరు, చెప్పకూడదనుకోవడం వేరు. ఆమె కళ్లు చూస్తే ఆ రెండింట్లో ఏదో నాకు తెలిసింది.

నేను కొట్టేసిన పాత మాటలతోనే మళ్లీ కాగితాలు వేయించమన్నాను. వేయించింది. వీధి వీధీ మళ్లీ తిరిగారు. తంబాకు అని అడిగితే ఆడవాళ్లు డబ్బీలు తీసి చూపించారట. ఎన్ని ఇళ్లలో "లేదు" "ఉంది" అయిందో ఆమె చెప్పబోతే వద్దన్నాను. నేను మళ్లీ తిరగడానికి పోలేదు. కుర్చీలు వరండాలో ఒకదాని మీద ఒకటి పెట్టే ఉన్నాయి.

పట్నం ఆసుపత్రికి పోదామంటే అక్క పది రోజులు ఒప్పుకోలేదు.

"పరీక్షకని ముక్క తీస్తరట. కత్తి తాకితె పాకుతది తమ్మీ. మా కంపెనీల ఒకామె గట్లనే పోయింది."

ఆ నమ్మకం తప్పని గురువారం సమావేశంలో నేనే అరగంట చెప్పాను. అవే మాటలు ఆమెకు చెబుతుంటే నాకే నమ్మకం చాలలేదు. నిజంగా పాకితే? ఒక పూట బతిమాలాను, ఒక పూట అరిచాను. ఒక పూట అన్నం తిననని కూర్చున్నాను. డెబ్బై దాటినవాణ్ణి, చిన్నపిల్లవాడిలా అలిగాను.

"తినకుంటె నీ కడుపే మాడుతది," అంది. కానీ పళ్లెం నా ముందు పెట్టి అక్కడే కూర్చుంది. నీళ్ల గ్లాసు కూడా జరిపి, "ఒక్కమాట చెప్పు. నా రొంటిన డబ్బీ ఉన్నదని నీకు ఎర్కనే కదా. మరి కాగితంల లేదని ఎందుకు రాసినవ్?" అని అడిగింది.

ఎవరు చెప్పారో తెలియదు. పక్కింటి ఆమె అయి ఉంటుంది.

"నేను పొగాకు అని అడిగిన అక్కా."

"అడిగినవ్ తీ," అంది. "తంబాకు అని అడిగితె నేను అబద్ధం చెప్తునా?" ఆ మాటలో కోపం ఉంటే బాగుండేది. నిజంగా తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది. మరునాడు పట్నం బస్సెక్కింది.

ముక్క పరీక్షలో క్యాన్సరే అని వచ్చింది. మెడలోకీ చేరిందన్నారు. దవడలో కొంత భాగం, దాని కింది ఎముక తీసేస్తారు. తొడ కండ తెచ్చి అక్కడ అతుకుతారు. ఆ తర్వాత రేడియేషన్, మా దగ్గర దాన్ని కరెంటు పెట్టడం అంటారు. అన్నీ చేసినా ఏమవుతుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఆసుపత్రి మెట్ల మీద నాలాంటివాళ్లు చాలామంది ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ప్రతి ఫైలులోనూ ఎక్కడో ఒక చోట తప్పు టిక్కు ఉండి ఉంటుందనిపించింది. అలా అనుకుంటే నాకు కాస్త ఊరటగా ఉంటుందని తెలిసే అనుకున్నాను. ఊరట రాలేదు.

ఈ రోజు చేర్పించే కాగితాలు రాయించారు. కిటికీ దగ్గర మనిషి ఫారం నా ముందుకు తోసి, నింపి ఇమ్మన్నాడు. పేరు, వయసు, ఊరు. నాలుగో గడిలో "పొగాకు అలవాటు" అని అచ్చు వేసి ఉంది. నా చేయి ఆగింది. అక్క నా భుజం మీదుగా వంగి చూసింది. ఆమెకు చదువు రాదు, కానీ నేను ఎక్కడ ఆగానో చూసింది.

"గదేనా?"

"గదే."

"ఈసారన్న సక్కగ రాయి తమ్మీ," అంది. మాటలు ముద్దగా వస్తున్నాయి. "నలభై ఏండ్లు అని రాయి. ఎక్కువనే ఉంటది గని, గంత రాస్తె వాళ్లు బెదురుతరు."

అచ్చు మాట పక్కన తంబాకు అని రాసి, నలభై ఏళ్ల పైన అని రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి. కిటికీ దగ్గర మనిషి చదవకుండానే ముద్ర వేశాడు.

వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాక అక్క రొంటి నుంచి డబ్బీ తీసి నా చేతిలో పెట్టింది. తేలికగా ఉంది. ఖాళీ చేసిందా, అయిపోయిందా, అడగలేదు. జేబులో వేసుకున్నాను.

"డాక్టర్‌ను ఒకటి అడుగు," అంది.

"ఏంది?"

"దవడ తీసినంక పాట వస్తదా అని. వచ్చే బతుకమ్మకు."

అడుగుతానన్నాను. ఆపరేషన్ చేసే డాక్టరు సాయంత్రం రెండుసార్లు నా ముందు నుంచే పోయాడు. రెండోసారి ఆగి, ఏమైనా అడగాలా అన్నాడు కూడా. రేపు పొద్దున ఎన్నింటికి తీసుకుపోతారని అడిగాను. ఏడింటికి అని చెప్పాడు. అది డైరీలో రాసుకున్నాను. ఆ పక్కన అక్క ప్రశ్న కూడా రాశాను, ఆమె అన్న మాటల్లోనే, ఒక్క అక్షరం దిద్దకుండా.

ఇంటింటికీ తిరిగి అన్ని ప్రశ్నలు అడిగినవాణ్ణి. ఈ ఒక్కటీ ఇంకా అడగలేదు.